పగటి కరెంటు

మన ఊరి నుంచి, తాలూకా ధర్మాబాద్
6 ఏప్రిల్ 2025

చిరంజీవి అని రాసి ఆగాను పూనమ్. దాని పక్కన రాసే రెండో మాట ఇప్పుడు నీకు రాయకూడదని మీ మామ అన్నాడు. ఒక్క మాటతో మొదలుపెడితే ఉత్తరం కుంటినట్టుంది. అందుకే బిడ్డా అని రాస్తున్నాను. ఈ మాటను ఎవరూ కొట్టేయలేరు.

ఫోన్ వద్దన్నది నేనే. ఫోన్‌లో మనం మాట్లాడేది ఏముంది? తిన్నావా అంటాను, తిన్నానంటావు. నువ్వు తిన్నావా అంటావు, తిన్నానంటాను. ఆ తర్వాత ఇద్దరం ముక్కులు చీదుకుంటాం. పైగా మీ మామ స్పీకర్ పెట్టి గల్లీ మొత్తానికి వినిపిస్తాడు. కాగితం అయితే మంచిది. నేను మధ్యలో లేచి మొహం కడుక్కుని వచ్చినా నీకు తెలియదు.

నువ్వే కదా చాటలో బియ్యం పరిచి నా వేలు పట్టుకుని దిద్దించావు. ఇక్కడి బడిలో మరాఠీ తప్ప తెలుగు లేదు. బోధన్ నుంచి కోడలు వచ్చేదాకా నాకు తెలుగు నోట్లో ఉండేది, చేతిలో లేదు. నువ్వు చెప్పినట్టు పుస్తకం భాషలోనే రాస్తున్నాను. ఎవరైనా అన్న మాట వస్తే మాత్రం వాళ్లు అన్నట్టే రాస్తాను. లేకపోతే వాళ్ల నోట్లో వేరేవాళ్ల పళ్లు పెట్టినట్టుంటుంది.

సుందరబాయి రోజూ పొద్దుటి బండికి కూరగాయలు తీసుకుని నాందేడ్ వస్తుంది కదా, ఈ ఉత్తరం మెంతికూర మధ్యలో పెట్టి పంపుతున్నాను. వాసన వస్తే ఏమీ అనుకోకు.

ఇక్కడ ఎండలు ఎట్లా ఉన్నాయంటే, మీ మామ మంచాన్ని నీడతో పాటు జరుపుతూ ఇంటి చుట్టూ ఒక చుట్టు తిరుగుతున్నాడు. ఊళ్లో ఇప్పుడు సోలార్ అని ఒకటే మాట. పలకలు పెట్టి ఎండ నుంచి కరెంటు తీస్తారట. ఆ కరెంటు మన ఊరి మోటర్లకే, అదీ ఇప్పటిలాగ అర్ధరాత్రి కాదు, పగటి పూటే ఇస్తారట. మీ పెద్దమామ మారయ్యకు నచ్చలేదు. ఆయన గొర్రెలకు అడ్డం వచ్చేది ఏదీ ఆయనకు నచ్చదు. రచ్చ దగ్గర అందరి ముందూ అన్నాడు: "ఎండంత గా పలకలే గుంజుకుంటె పంటకేం మిగులుతది?" మీ మామ వెంటనే, "ఎండ తగ్గుతదంటె మా ఇంటి మీద గూడ రెండు పెట్టుమను" అన్నాడు. అన్నదమ్ములిద్దరూ రెండు రోజులు మాట్లాడుకోలేదు.

పగటి కరెంటు అనే మాట విన్న రోజు నేను అన్నం తినలేదు. అది పోయిన కార్తీకంలో ఉంటే బాగుండేది. పటేలు మోటరు వెయ్యడానికి నా కొడుకు అమోల్ అర్ధరాత్రి పోయేవాడు కాదు. స్టార్టర్ డబ్బా కింద పడుకున్న పాము ఏ ఎలుకనో చూసుకునేది. ఇంతే రాస్తాను. మొహం కడుక్కుని వచ్చాను.

నీ పని గురించి రాయి. గదిలో గాలి వస్తుందా?

నీ అత్త
సంగవ్వ

నాందేడ్, తరోడా
11 ఏప్రిల్ 2025

అత్తమ్మా,

ఉత్తరం తెరవగానే గదంతా మెంతికూర వాసన. నాతో ఉండే అమ్మాయిలిద్దరూ వంట చేస్తున్నావా అని అడిగారు. నీ అక్షరాలు గుండ్రంగా వస్తున్నాయి. ళ మాత్రం ఇంకా జిలేబీలాగే ఉంది.

నా పని చెప్తే నవ్వుతావు. ఇంటింటికీ తిరిగి వాతావరణం గురించి జనం ఏమనుకుంటున్నారో అడగాలి. ఎండలు ఎందుకు పెరిగాయి, కరెంటు బొగ్గుతో చెయ్యాలా సూర్యుడితో చెయ్యాలా, నువ్వు ఎంత దిగులు పడుతున్నావు. చాలా, కొంచెం, అసలు లేదు, ఈ మూడింటిలో ఒకటి నొక్కాలి. చాలామంది నన్ను చూసి ముందు ఓట్లెప్పుడు అని అడుగుతారు.

ఇత్వారాలో ఒక ముసలాయన, ఎండలకు కారణం ఎవరు అంటే, "మా కోడలు. కూలర్ల నీళ్లు పొయ్యది" అన్నాడు. లోపలినుంచి కోడలు, "కరెంటే లేదు, నీళ్లు పోసి ఏం జేస్త" అంది. స్వచ్ఛమైన కరెంటుకు కొంచెం ఎక్కువ కడతారా అని ఒకామెను అడిగితే, "ముందు కరెంటు రానియ్యి తల్లీ, అది కడుక్కుని ఉందా లేదా తర్వాత చూస్త" అంది. అనంతరాములు అని ఒక రిటైర్డు రైల్వే ఆయన కుర్చీ వేసి కూర్చోబెట్టాడు. బొగ్గు ఇంజన్లు నడిచిన రోజుల్లో ఎండలు ఇట్లా లేవట, కరెంటు ఇంజన్లు వచ్చాకే ఇట్లా అయిందట, కాబట్టి బొగ్గు ఇంజన్లు మళ్లీ తేవాలట. దీనికి ఏది నొక్కాలో తెలియక మా సార్‌ను అడిగాను. ఆయనకూ తెలియలేదు.

సోలార్ వస్తే మంచిదే అత్తమ్మా. మాకు ట్రైనింగులో చూపించారు, పొగ లేదు, చప్పుడు లేదు. మన ఊరికి వస్తుందంటే నాకు సంతోషంగా ఉంది. పగటి కరెంటు మాట నేనూ రెండుసార్లు చదివాను.

నా ప్రశ్నలు నీకూ రాస్తున్నాను. సర్వేలో వెయ్యను, ఊరికే. ఒకటి, మీ చిన్నప్పటికీ ఇప్పటికీ వాతావరణం మారిందా? రెండు, కారణం ఎవరు? మూడు, మీరేం చేస్తున్నారు? నాలుగు, ఎంత దిగులు?

ఆయన సమాధి దగ్గరికి పోతున్నావా? రాయి మీద ఎండుటాకులు పడితే ఊడ్చెయ్యి. ఈ ఊళ్లో పొద్దంతా జనం మధ్య తిరుగుతాను, కానీ ఆ చోటు ఎప్పుడూ నా కళ్ల ముందే ఉంటుంది.

నీ పూనమ్

మన ఊరి నుంచి
16 ఏప్రిల్ 2025

బిడ్డా,

పరీక్ష రాసినట్టు రాస్తున్నాను, మార్కులు వెయ్యి.

ఒకటి. మారింది. మా చిన్నప్పుడు మిరుగం రోజు వాన పడేది, చేపల కూర వండేవాళ్లం. ఇప్పుడు మిరుగం రోజు ధూళి పడుతుంది. చేపలు మాత్రం వండుతున్నాం.

రెండు. కారణం ఎవరంటే మీ మామ సర్కారు అన్నాడు. మారయ్య బావ, ఆడవాళ్లు గ్యాస్ మీద వండడం వల్ల అన్నాడు. గ్యాస్ మీద చేసిన చాయ్ తాగుతూనే అన్నాడు. నేనేమంటానంటే, నాకు తెలియదు, కానీ నేను కాదు. మా ఇంట్లో ఒక బల్బు, ఒక ఫ్యాను. ఆ ఫ్యాను తిరుగుతుందో ఊగుతుందో నీకు తెలుసు.

మూడు. కొంగు నెత్తిన వేసుకుంటున్నాను.

నాలుగు. నా దిగులు ఏ డబ్బాలో వేస్తావో నువ్వే చూడు. ఉన్న దిగులంతా ఒక్కడి మీదే అయిపోయింది. వాతావరణానికి ఏమీ మిగల్లేదు. లేదు అని నొక్కితే అబద్ధం, చాలా అని నొక్కితే నీ సార్ అది ఎండకు అనుకుంటాడు.

ఇక ఒక మాట. సోలార్‌కు ఊరవతల గొడ్లు మేసే గాయరాన్ బీడు అడుగుతున్నారు. ఎవరి పేరా లేని జాగ అదొక్కటే కదా. మొన్న ఇద్దరు మనుషులు వచ్చి టేపు పట్టి కొలిచారు. మన బొందలగడ్డ, అమోల్‌ను పెట్టిన చోటు కూడా ఆ కొలతలోనే వస్తుందట. చుట్టూ కంచె వేస్తారట. నువ్వు దిగులుపడకు, ఇంకా ఏదీ కాలేదు. ముందు ఆడవాళ్ల సభ, తర్వాత ఒకటో తారీఖు మహారాష్ట్ర దినం రోజు గ్రామసభ. ఒప్పుకుంటేనే పని. నీకు సోలార్ నచ్చిందని రాశావు, అది గుర్తుపెట్టుకున్నాను.

ఆకులు ఊడ్చాను. మోదుగు ఆకులు ఎంత ఊడ్చినా పడుతూనే ఉంటాయి. కాసేపు వాడితో మాట్లాడాను. వాళ్ల నాన్న మీద నాలుగు చాడీలు చెప్పాను.

సంగవ్వ

మన ఊరి నుంచి
24 ఏప్రిల్ 2025

బిడ్డా,

నిన్న ఆడవాళ్ల సభ అయింది. ఏమయిందో చెప్తాను, కూర్చుని చదువు.

బడి గదిలో అందరం చాపల మీద కూర్చున్నాం. ఫ్యానుకు కరెంటు లేదు. కరెంటు గురించి సభ, కరెంటే లేదు. గ్రామసేవక్ మంగేశ్ కొత్తగా వచ్చాడు, లాతూర్ పిల్లవాడు, చెమటతో కారిపోతున్నాడు. నేను కొంగు తీసి విసురుకుంటున్నాను. మిగతావాళ్లదీ అదే పని, మగవాళ్లు లేరు కదా. ఆయన ఠరావు, అంటే తీర్మానం, మొత్తం మరాఠీలో చదివాడు. చివర, ఒప్పుకున్నవాళ్లు చేతులెత్తండి అన్నాడు. ఒక్కతీ ఎత్తలేదు. మాలో మేము చూసుకుంటున్నాం.

సరిగ్గా అప్పుడు వాకిట్లో దగ్గు వినిపించింది. మారయ్య బావ, వెంట ఇద్దరు పెద్దమనుషులు, చాయ్ వచ్చిందా అని చూడడానికి లోపలికి వచ్చారు. ఇంకేముంది, గదిలో ఉన్న ఆడవాళ్లందరి చేతులూ ఒక్కసారి కొంగు కోసం నెత్తి మీదికి పోయాయి. నా కొంగు నడుము దాకా జారి ఉంది, అందరికంటే నా చెయ్యే పైకి లేచింది. మంగేశ్ తల ఎత్తి చూశాడు. మొహం వెలిగిపోయింది. అందరూ ఒప్పుకున్నారని రాసుకుని చప్పట్లు కొట్టాడు. మారయ్య బావ ఎందుకో తెలియకుండానే తనూ కొట్టాడు. తర్వాత ఎవరో చెప్తే చాయ్ గ్లాసు అక్కడే పెట్టి వెళ్లిపోయాడు.

మేము బయటికి వచ్చాక నవ్వలేక చచ్చాం. పక్కింటి వనమాల నన్ను పట్టుకుని, "అత్తా, మనకు తెల్వకుంటనే సర్కారుకు జాగ ఇచ్చినం" అంది. ఎన్ని నెలలైంది నేను అట్లా నవ్వి. ఇంటికి వచ్చి తలుపు వేసుకున్నాక, దేనికి నవ్వానా అని మళ్లీ మొహం కడుక్కున్నాను. అది వేరే సంగతి.

సంగవ్వ

నాందేడ్
24 ఏప్రిల్ 2025

అత్తమ్మా,

పొద్దున సుందరబాయి కనబడింది. సభలో అందరికంటే ముందు నీ చెయ్యే లేచిందని చెప్పింది. నేను నమ్మలేదు. మూడుసార్లు అడిగాను. ఊరంతా అదే అంటున్నారంది.

నేను సోలార్ మంచిదని రాసింది ఆ చోటు కొలతలో ఉందని తెలియక ముందు. నువ్వు దిగులుపడకు అని రాస్తే, నువ్వు ఉన్నావు, చూసుకుంటావని నిజంగానే దిగులుపడలేదు. ఆయన పోయి ఏడాది కూడా కాలేదు. ఆయన మీద ఇనుప స్తంభాలు పాతడానికి ఆయన తల్లే మొదట ఒప్పుకుంటే ఇక నేను ఎవరిని అడగాలి?

ఈరోజు తరోడాలో ఒక ఇంట్లో, సోలార్ పలకల కోసం మీ ఊరి జాగ ఇస్తారా అని నేనే అడగాల్సి వచ్చింది. ప్రశ్న సగంలో ఆపి వాళ్ల గడపలో కూర్చున్నాను. ఆమె నాకు మంచినీళ్లు ఇచ్చింది.

పూనమ్

మన ఊరి నుంచి
26 ఏప్రిల్ 2025

బిడ్డా,

నా ఉత్తరం, నీ ఉత్తరం దారిలో ఒకదాన్నొకటి దాటిపోయాయి. ఈపాటికి నాది చదివి ఉంటావు. నేను ఎత్తింది కొంగు, చెయ్యి కాదు. సుందరబాయి సభకే రాలేదు, ఆమె వంకాయలు తెంపుతోంది. రేపటినుంచి ఆమెతో కూరగాయలు, కాగితాలు మాత్రమే పంపుతాను, మాటలు పంపను.

కోపం వచ్చింది నీ మీద. మీ మామను పిలిచి, నీ కోడలు ఏం రాసిందో చూడు అన్నాను. ఆయన కళ్లజోడు లేకుండా కాగితం అటూ ఇటూ తిప్పి, నేను చదివి వినిపించాక, "నిజమే గదనే, ఆ పిల్లకు చెప్పకపోతె ఎట్ల తెలుస్తది" అన్నాడు. ఆయన నా మాట కాదన్నప్పుడు ఎప్పుడో ఒకసారి సరిగ్గా ఉంటుంది.

నేను తప్పుగా అనుకున్నాను. నీకు సోలార్ నచ్చింది, చదువుకున్న పిల్లవు, నేను వద్దంటే వెనకటి మనిషినని అనుకుంటావని నా మనసులో మాట రాయలేదు. వద్దనే ఉంది నాకు. వాడి దగ్గర కూర్చునే ఆ కాసేపు కోసమే నేను పొద్దున లేస్తున్నాను. కంచె వేస్తే తాళం ఎవరి దగ్గర ఉంటుందో, ఎవరి కాళ్లు పట్టుకోవాలో.

నిన్న మంగేశ్ దగ్గరికి పోయి కొంగు సంగతి చెప్పాను. పాపం, చెవులు ఎర్రబడ్డాయి. కాగితం పైకి పంపలేదట. ఒకటో తారీఖు అందరి ముందూ మళ్లీ అడుగుతానన్నాడు. గాయరాన్‌లో చివరగా పెట్టింది మీ కొడుకును, మీరు వద్దంటే సోలార్ కంపెనీవాళ్లు ఆ జాగ జోలికి రారు, వేరే ఊరు చూసుకుంటారు అన్నాడు. ఇప్పుడు మొత్తం నా నోటి మీద ఉంది.

నీకు మాట ఇస్తున్నాను. ఒకటో తారీఖు లేచి వద్దంటాను.

అత్త

నాందేడ్
29 ఏప్రిల్ 2025

అత్తమ్మా,

కొంగు ఉత్తరం చదివి ముందు నవ్వాను, తర్వాత నేను రాసింది గుర్తొచ్చి సిగ్గుపడ్డాను. కోపంలో రాశాను, మనసులో పెట్టుకోకు. గదిలో వాళ్లకు చదివి వినిపిస్తే వాళ్లు ఇంకా చేతులెత్తి తిరుగుతున్నారు.

మామ మాట అప్పుడప్పుడు నిజమవుతుందని నేను అన్నానని మామకు చెప్పకు.

నువ్వు మాట ఇచ్చావు, అది చాలు. నాకు ఈ లోకంలో ఆయనది అని చూపించడానికి ఆ చోటు ఒక్కటే ఉంది. సోలార్ వేరే ఊళ్లో పెట్టుకోనీ. లేచి గట్టిగా చెప్పు.

పూనమ్

మన ఊరి నుంచి
2 మే 2025

బిడ్డా,

మాట తప్పాను. ముందే రాస్తున్నాను. ఇక్కడితో చదవడం ఆపెయ్యాలనుకుంటే ఆపెయ్యి, కానీ మడిచి దాచు, ఎప్పుడైనా మిగతాది చదువు.

నిన్న సభ బడి ముందు పందిరి కింద జరిగింది. కంపెనీవాళ్ల ఇంజనీరు కూడా వచ్చాడు. వద్దనాలనే పోయాను. ఏమనాలో బువ్వ వండుకుంటూ, దారిలో, పందిరి కింద, ఒకటే అనుకుంటున్నాను. మగవాళ్లు ముందు మాట్లాడారు. మారయ్య బావ గొర్రెల గురించి చెప్పాడు. ఒకాయన, పలకలు వస్తే మబ్బులు భయపడి పోతాయన్నాడు. ఇంకొకాయన, మబ్బులు ఇప్పుడు మాత్రం వస్తున్నాయా అన్నాడు. భూమి ఉన్నవాళ్లు కావాలన్నారు. మన వాడ వాళ్లు, మాకు భూమీ లేదు మోటరూ లేదు, మాకెందుకు కరెంటు అన్నారు. నీ సర్వేకు అక్కడ రెండు పుస్తకాలు సరిపోయేవి కావు.

వనమాల నా పక్కనే కూర్చుంది, చంటిది ఒడిలో నిద్రపోయింది. పొద్దుటినుంచి ఒక్క మాట మాట్లాడలేదు. అంత వాగే పిల్ల. ఏమైందని గిచ్చాను. ఏం లేదత్తా అంది. మళ్లీ గిచ్చాను. అప్పుడు నా వైపు చూడకుండా చెప్పింది.

"ఈ వారం మల్ల రాత్రి కరెంటే, అత్తా. ఆయన మోటరు కాడికి పోతె, అచ్చేదాక నేను గడపల కూసుంటున్న."

పటేలు దగ్గర అమోల్ చేసిన జీతం ఉగాది నుంచి ఆమె మొగుడే చేస్తున్నాడు బిడ్డా. అది నాకు తెలుసు. తెలిసి కూడా నేను దాన్ని ఎప్పుడూ తలలోకి రానివ్వలేదు. మా ఇంటి గోడకు ఆనుకునే వాళ్ల గోడ. ఆ పిల్ల రాత్రి గడపలో కూర్చుని ఉంటుంది, పొద్దున నాతో సోలార్ మీద జోకులు వేస్తుంది, నా కొడుకు చోటు ఇచ్చెయ్యి అని మాత్రం నోరు తెరిచి అడగదు. నన్ను చూసి అడగలేదు. నేను లేచి వద్దంటే, ఆమె నా మొహం చూసి సరే అంటుంది. అదే నాకు పడలేదు.

మంగేశ్ నా పేరు పిలిచాడు. లేచాను. అనుకున్నది ఒక్కటీ రాలేదు. వాడవాళ్ల వైపు తిరిగి మొదలుపెట్టి, ఇంజనీరు వైపు తిరిగి ముగించాను:

"మోటరు మనది గాదు, నిజమే. రాత్రి మాత్రం మనదే. మోటరున్నోళ్లు పండుకుంటరు, మన పిల్లలు పోతరు. నా పిల్లగాడు పోయిండు. వనమాల ఇంటాయన పోతుండు. జాగ తీసుకోండ్రి. పగలు ఇయ్యుండ్రి కరెంటు."

మీ మామ లేచి నా పక్కకు వచ్చి నిలబడ్డాడు. మారయ్య బావ కర్రతో మట్టి గీకుతూ, "నా గొర్రెలు ఏడికన్న పోతయి తియ్యి" అన్నాడు.

ఇంజనీరు నా దగ్గరికి వచ్చి చాలా మర్యాదగా మాట్లాడాడు. కావాలంటే సమాధులు ఇంకో చోటికి జరిపిస్తామన్నాడు. నేను వద్దన్నాను. ఒకసారి పడుకోబెట్టినవాణ్ని మళ్లీ లేపను. స్తంభాలు రెండు బారల అవతల పాతమన్నాను. వరస అట్లాగే మార్చి గీశాడు, నేను చూస్తుండగానే. రాయి తియ్యనని అందరి ముందూ చెప్పాడు. పైన పలక వస్తుందట. రానీ. నడినెత్తిన ఎండ పెట్టుకుని పనిచేసినవాడు, నీడలో ఉంటాడు.

ఇక కంచె సంగతి. తాళం ఎవరి దగ్గర ఉంటుందని అడిగాను. కాపలావాడి దగ్గర అన్నాడు. పలకల మీద ధూళి పడితే కరెంటు తగ్గుతుందట, వాటిని కడగాలట. ఎవరు కడుగుతారు అని అడిగాను. ఇంకా ఎవరినీ పెట్టలేదన్నాడు. ఇల్లు, గిన్నెలు, పటేలు గొడ్లు, ఇన్నేళ్లు కడిగినదాన్ని, నేను కడుగుతానన్నాను. మా ఆడవాళ్ల గుంపు కడుగుతుంది, ఆ మాట కూడా ఠరావులో రాస్తేనే జాగ అన్నాను. మంగేశ్ అక్కడికక్కడే రాసి, మరాఠీలో ఒకసారి, తెలుగులో ఒకసారి చదివించాడు. ఈసారి కొంగులు ముందే వేసుకోమని చెప్పి మరీ చేతులు లెక్కపెట్టాడు.

కాబట్టి రోజూ లోపలికి పోతాను. ఎవరినీ బతిమాలను. పని మీద పోతాను.

నీకు ఆ ఒక్క చోటే ఉందని రాశావు. ఆ ఉత్తరం నా రవికలోనే పెట్టుకుని లేచాను. అయినా ఇట్లా అన్నాను. నువ్వు నన్ను తిడితే తిట్టు, మాట్లాడకుంటే మాట్లాడకు, నేను నీ అత్తగానే ఉంటాను.

సంగవ్వ

నాందేడ్
7 మే 2025

అత్తమ్మా,

మూడు రోజులు నీతో మాట్లాడొద్దనే అనుకున్నాను. నీ ఉత్తరం పరుపు కింద పెట్టాను. నాలుగో రోజు ఎండలో ఇళ్లు తిరుగుతుంటే, ఈ సమయానికి వనమాల మొగుడు నిద్రపోతుంటాడా, ఇంకా పొలంలోనే ఉన్నాడా అని ఊరికే అనుకున్నాను. గదికి వచ్చి ఉత్తరం మళ్లీ తీశాను.

ఇంకా కొంచెం కోపం ఉంది. అది నేను ఊరికి వచ్చాక నీ ముందే చూపిస్తాను, కాగితం మీద వద్దు.

ఆ పలకలను చీపురుతో కడగకు, గీతలు పడతాయి. ట్రైనింగులో చెప్పారు. మెత్తటి బ్రష్ కావాలి, పొడుగు కర్రది, లేకపోతే నీ నడుము పోతుంది. ఇక్కడి వజీరాబాద్ బజారులో ఒక దుకాణంలో చూశాను, నాకంటే పొడుగుంది. తీసుకున్నాను. బస్సులో ఎక్కనివ్వరు కాబట్టి ఆదివారం రైలుకు వస్తున్నాను. మామను స్టేషన్‌కు పంపు, ఒక కొస ఆయన పట్టుకోవాలి.

పూనమ్